వాచ్‌లో ఈసీజీ తీశారా? ముందు ‘పి’ వేవ్ చూడండి!

కాళేశ్వరంలో ఉండే మా బాబాయ్ ఆపిల్ వాచ్‌లో తీసిన ఈసీజీ పీడీఎఫ్‌ను వాట్సాప్‌లో పంపి, “ఇందులో ఏం చూడాలె రా?” అని అడిగారు. అక్కడి నుంచి వరంగల్ పెద్దాసుపత్రికి వందకు పైగా కిలోమీటర్లు. అందుకే ఆ గీతల్ని చదవడం కాస్త తెలిసుంటే మంచిదని ఈ ఆర్టికల్.

ముందు కొలతలు. పీడీఎఫ్‌లో అడ్డంగా ఒక చిన్న గడి అంటే 0.04 సెకను. పొడుగ్గా లేచే శిఖరం గుండె కింది గదులది. దానికి ముందు కనిపించే చిన్న గుండ్రటి గుట్టే ‘పి’ వేవ్, అంటే పై గదుల కరెంట్. ముందు కుడి గది, వెంటనే ఎడమ గది. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసినట్టు రెండూ కలిసి ఒకే అల అవుతాయి. వెడల్పు మామూలుగా 3 చిన్న గడులు దాటదు.

ఇక మూడు ప్రశ్నలు వేసుకోండి:

1. ప్రతి శిఖరం ముందు ‘పి’ ఉందా?
2. అన్నీ ఒకే ఆకారంలో ఉన్నాయా?
3. శిఖరాల మధ్య దూరం సమానంగా ఉందా?

‘పి’ లేకుండా గీత సన్నగా వణుకుతూ, శిఖరాల దూరం ఇష్టమొచ్చినట్టు మారుతుంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనుమానించాలి. పై గదులు సరిగా ముడుచుకోక రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం.

ఏట్రియల్ ఫ్లట్టర్ వేరు. పై గదులు నిమిషానికి సుమారు 300 సార్లు కొట్టుకుంటాయి, గీత రంపపు పళ్లలా ఉంటుంది. కానీ ఆ పళ్లు బాగా కనిపించేది లీడ్ 2, 3, ఏవీఎఫ్‌లలో. వాచ్ తీసేది లీడ్ 1 లాంటి ఒక్క కోణమే కాబట్టి దొరక్కపోవచ్చు. ఊరికే కూర్చున్నప్పుడు కూడా పల్స్ కదలకుండా 150 దగ్గరే ఉంటే డాక్టర్‌కు చెప్పాల్సిందే.

చెయ్యి కదిలినా గీత వణుకుతుంది. బ్యాండ్ బిగించి, చెయ్యి టేబుల్ మీద ఆనించి, 30 సెకన్లు కదలకుండా మళ్లీ తీయండి.

అసలు ఉపయోగం ఇక్కడుంది: ఫిబ్రిలేషన్ కొందరిలో వచ్చి పోతుంటుంది. వరంగల్ చేరేసరికి 12 లీడ్ల ఈసీజీ నార్మల్‌గా రావచ్చు. దడ వచ్చిన ఆ నిమిషంలోనే తీసి, పీడీఎఫ్ సేవ్ చేసి చూపిస్తే డాక్టర్‌కు అదే ఆధారం.

ఒక్క హెచ్చరిక. ఈ వాచ్ హార్ట్ ఎటాక్‌ను పట్టుకోలేదు. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు ఉంటే వాచ్ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.