పరదేశంలో మన బిడ్డలు ఎక్కడ ఉంటారు?

మన రేణిగుంట జంక్షన్‌లో పెద్ద సూట్‌కేసు పక్కన పెట్టుకుని, చుట్టూ బంధువులతో చెన్నై బండి కోసం నిలబడిన కుర్రవాణ్ణి చూస్తే ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది, కువైట్‌కో దుబాయ్‌కో పోతున్నాడని. ఏళ్ల తరబడి బడిలో పాఠాలు చెబుతున్న మేము ఇలా వెళ్లే మా విద్యార్థులను ఎందరినో సాగనంపాము. ఆ సమయంలో ఇంటివాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. జీతం ఎంత? ఓవర్‌టైం ఉందా? కఫీల్ మంచివాడేనా? కానీ, "ఏ పేటలో ఉంటావు? గదిలో ఎంతమంది? పని చోటు ఎంత దూరం?" అని అడిగినవారు చాలా తక్కువ. ఒక తల్లిని మేమే అడిగాము. "అదెట్ల అడిగేది సార్, కంపెనీ వాళ్లు చూసుకుంటారు కదా" అన్నది.

మన ఊరి పక్కన ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలలో పనికి చేరే పిల్లలు గది వెతకడం మనం చూస్తూనే ఉన్నాము. నీళ్లు వస్తాయా, కంపెనీ బస్సు ఎక్కడ ఆగుతుంది, ఇంటి ఓనరు ఎటువంటివాడు అని నాలుగు వీధులు తిరుగుతారు. సముద్రం దాటి పోయేవాడికి ఇంతకంటే ఎక్కువ విచారణ అవసరం కదా? ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది అదే.

రెండు పాఠాలు

2024 జూన్ 12న తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు నివసించే ఒక భవనానికి నిప్పు అంటుకుంది. కింది అంతస్తులో కాపలాదారు గదిలో కలిగిన షార్ట్ సర్క్యూట్ దానికి కారణమని తేలింది. సుమారు 50 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో అత్యధికులు భారతీయులు. మన ఆంధ్రప్రదేశ్ వారు ముగ్గురు. చాలామంది చనిపోయింది మంటల వల్ల కాదు, పొగకు ఊపిరాడక. గదుల మధ్య త్వరగా అంటుకునే సామగ్రితో అడ్డు కట్టారని, పైకప్పు మీదికి వెళ్లే తలుపుకు తాళం ఉందని వార్తలలో వచ్చింది. ఆ రాత్రి నిద్రపోయినవారిలో ఎవరూ ఆ భవనాన్ని తామై ఎంచుకున్నవారు కారు. కంపెనీ చూపించిన పడక అది.

రెండవది 2020 నాటి మాట. కరోనా వ్యాపించినప్పుడు కువైట్ ప్రభుత్వం జలీబ్ అల్ షుయూఖ్, మహబూలా అనే రెండు పేటలను ఏప్రిల్ మొదటి వారంలో మూసివేసి, జూలై దాకా తెరవలేదు. రెండూ కార్మికులు కిక్కిరిసి ఉండే పేటలే. లోపల ఉన్నవారికి బయట పని ఉన్నా పోవడానికి వీలు లేకపోయింది. పక్క పేటలో ఉన్నవారి బతుకు వేరు, వీరి బతుకు వేరు అయింది. చిరునామా అంటే ఉత్తరం మీద రాసుకునేది మాత్రమే కాదని ఆ మూడు నెలలు నేర్పాయి.

కువైట్‌లో పేటల తీరు

మన చిత్తూరు, రాజంపేట, రాయచోటి, కడప ప్రాంతాలవారు ఎక్కువగా వెళ్లేది కువైట్‌కే గనుక అక్కడి సంగతి ముందు చెప్పుకుందాము. విమానాశ్రయానికి దగ్గరలో ఫర్వానియా, ఖైతాన్, జలీబ్ ఉన్నాయి. జలీబ్‌లోని అబ్బాసియాలో మన దేశం వారి దుకాణాలు, బడులు ఉన్నాయి. సముద్రం ఒడ్డున సాల్మియా. కుటుంబాలతో ఉండేవారు ఇష్టపడే చోటు, అద్దె కూడా ఎక్కువే. దక్షిణాన మంగాఫ్, మహబూలా, ఫహాహీల్ ఉన్నాయి. అహ్మదీ వైపు చమురు శుద్ధి కర్మాగారాలలో పనిచేసేవారికి ఇవి అనుకూలం. జలీబ్‌లో ఉండి ఫహాహీల్‌లో పని అంటే పాతిక ముప్పై కిలోమీటర్ల దూరం. ఎండాకాలంలో 50 డిగ్రీలకు చేరే వేడిలో బస్సు కోసం నిలబడటం ఎలా ఉంటుందో ఆలోచించండి.

కువైటీ కుటుంబాలు నివసించే పేటలలో ఒంటరి మగవారికి అద్దెకు ఇవ్వడాన్ని అక్కడి చట్టం ఒప్పదు. "చవకగా ఉంది, ఎవరూ పట్టించుకోరు" అని ఎవరైనా చెబితే నమ్మరాదు. తనిఖీ వచ్చిన రోజు సామాను వీధిలో ఉంటుంది. సివిల్ ఐడీలో ఉన్న చిరునామా, నిజంగా ఉంటున్న చిరునామా ఒకటే కావాలి. ఇల్లు మారి నమోదు చేసుకోకపోతే జరిమానా పడుతుంది.

దుబాయ్‌లో పని దొరికినవారు చాలామంది అద్దె తక్కువని షార్జాలో ఉంటారు. ఉదయం, సాయంత్రం ఆ రోడ్డు మీద వాహనాల రద్దీలో గంటలు గడిచిపోతాయి. మిగిలిన అద్దెను, పోయిన నిద్రను పక్కపక్కన పెట్టి లెక్క వేసుకోవాలి.

బయలుదేరే ముందు అడగవలసినవి

1. ఒప్పందంలో వసతి కంపెనీదా, లేక వసతి భత్యం ఇస్తారా? నోటి మాట చాలదు, కాగితం మీద ఉండాలి.

2. వసతి కంపెనీదే అయితే ఏ పేట, గదికి ఎంతమంది, మెట్ల దారులు ఎన్ని? ఆ కంపెనీలో ఇప్పటికే ఉన్నవారిని ఫోన్ కెమెరాలో చూపించమని అడగడం తప్పు కాదు.

3. గది మనమే చూసుకోవాలంటే ముందు పని చోటు, తరువాత బస్సు దారి, ఆ తరువాతే అద్దె. మసీదు, మన సరుకులు దొరికే అంగడి, క్లినిక్ నడకదూరంలో ఉంటే మంచిది.

4. చెక్కతో అడ్డు కట్టిన గది, కిటికీ లేని గది, బేస్‌మెంట్ ఎంత చవకైనా వద్దు. డబ్బు కట్టేది ఎవరికి? హారిస్‌కా, యజమానికా? రసీదు ఇస్తారా?

5. ఇంటి పని వీసాపై వెళ్లే అక్కచెల్లెళ్లకు పేట ఎంచుకునే వీలు లేదు, యజమాని ఇల్లే వారి నివాసం. అందుకని ఆ ఇంటి పూర్తి చిరునామా, భారత రాయబార కార్యాలయం నంబరు, ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ హెల్ప్‌లైన్ నంబరు ఇక్కడ ఇంటిలోనూ రాసి పెట్టుకోవాలి.

మనవాళ్ల మధ్యనే ఉండాలా?

కొత్తలో మనవాళ్లు ఉన్న పేట పెద్ద ఆసరా. జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చేవాడు, కాగితం చదివి చెప్పేవాడు దొరుకుతాడు. అయితే దానికోసమే అన్నీ వదులుకోరాదు. మా విద్యార్థి ఒకడు మేనమామ కొడుకు ఉన్నాడని, పడక చవకని, పని చోటికి చాలా దూరంలో చెక్క అడ్డుల గదిలో చేరాడు. రెండు బస్సులు మారి పోవడం, నాలుగు గంటల నిద్ర, చివరికి జబ్బు. ఆ తరువాత పని దగ్గరికి మారాడు. అద్దె కొంత పెరిగింది. కానీ ఓవర్‌టైం చేయగలిగాడు, ఇంటికి పంపేదీ పెరిగింది. "ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండు సార్" అన్నాడు సెలవుకు వచ్చినప్పుడు. బడిలో వాడికి దేశాల పటం గుర్తించడం నేర్పిన మేము, ఈ మాట మాత్రం చెప్పలేదు.

ఇల్లు చూసే ముందు పొరుగును చూడమని అరబ్బులలో ఒక సామెత ఉంది. మన ఊరిలో కువైట్, దుబాయ్, సౌదీ చూసి వచ్చినవారికి కొదవ లేదు. ప్రయాణానికి ముందు ఒక సాయంత్రం అటువంటివారి దగ్గర బిడ్డను కూర్చోబెట్టండి. ఏ పేట, ఏ భవనం, ఏ బస్సు అని అడిగించండి, రాయించండి. జీతం ఎంత అని అడిగినంత గట్టిగా, పడక ఎక్కడ అని కూడా అడగండి. తల్లిదండ్రులందరికీ మా విన్నపం ఇదే.