చెత్త యార్డుకు చోటెక్కడ? నాందేడ్ పాఠం

నాందేడ్–వాఘాలా నగరపాలక సంస్థ 1997లో ఏర్పడింది. ఘన వ్యర్థాల నిర్వహణ రాజ్యాంగం 12వ షెడ్యూలులోని పట్టణ సంస్థల అంశం. యార్డుకు చోటు తేల్చే భూమి జోన్లకు మహారాష్ట్రలో ఆధారం 1966 నాటి ప్రాంతీయ, పట్టణ ప్రణాళిక చట్టం.

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం ల్యాండ్‌ఫిల్ నదికి 100 మీటర్లు, చెరువుకు, హైవేకు, ఇళ్లకు, తాగునీటి బావులకు 200 మీటర్లు, విమానాశ్రయానికి 20 కిలోమీటర్ల దూరంలో ఉండాల్సి ఉండేది. ప్రత్యేక సందర్భాల్లో నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ)తో విమానాశ్రయానికి 10–20 కి.మీ. మధ్య అనుమతించే వీలుండేది. గోదావరి ఒడ్డున, సొంత విమానాశ్రయమున్న నాందేడ్‌కు అసలు చిక్కు ఇక్కడే: అంత దూరం వెళ్తే అన్నీ పల్లెలే. చెత్త నగరానిది, పొలిమేర పంచాయతీది. స్థలం గుర్తింపులో తోడ్పడాల్సింది జిల్లా కలెక్టరు. రోజుకు 5 టన్నులు దాటిన చెత్త కేంద్రాల చుట్టూ బఫర్ జోన్‌ను కూడా ఆ నిబంధనలు తప్పనిసరి చేశాయి.