పదకొండు కాదు, పదకొండు వేలు

కోడుమూరు

అల్లుడూ,

సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంటుగా చేరావని తెలిసినప్పటి నుంచి మీ అత్త నీ ఉత్తరం పట్టుకుని ఇంటింటికీ తిరుగుతోంది. మామకు మాత్రం చివరి మాట దగ్గర గుండె గుభేలుమంది. లైను 11 వోల్టులనీ, కొత్త మీటరు పెట్టి చూస్తాననీ రాశావు. తొందరలో వోల్టుల ముందు కిలో వదిలేసుంటావు, అంతేలే. అయినా మామకు నిద్ర పట్టలేదు.

అది 11 కేవీ నాయనా, అంటే 11,000 వోల్టులు. చేతిలో పట్టే మామూలు మల్టీమీటరు మహా అయితే 1,000 వోల్టుల వరకే. దాన్ని ఆ లైనుకు తగిలిస్తే మీటరు పేలిపోతుంది, పట్టుకున్న మనిషి ప్రాణానికే ముప్పు.

పొలాల దగ్గరి ట్రాన్స్‌ఫారం ప్లేటు చదువు. 11000/433 అని వోల్టుల్లో ఉంటుంది. సబ్‌స్టేషన్ బోర్డు మీద అదే లైను 33/11 కేవీలో 11గా కనిపిస్తుంది. కాబట్టి ముందు అన్నీ ఒకే కొలతలోకి తేవాలి. కేవీని 1,000తో గుణించు, మిల్లీవోల్టులను 1,000తో భాగించు, రెండూ వోల్టులైపోతాయి. అప్పుడు 11,000ను 433తో భాగిస్తే 25.4. ట్రాన్స్‌ఫారం అన్ని రెట్లు దించుతోందన్నమాట. ఆ 433 ఫేజుకూ ఫేజుకూ మధ్యది. 1.732తో భాగిస్తే ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 250 వస్తుంది. ఊరి చివరి ఇంటికి చేరేలోపు అదీ తగ్గుతుంది. ఇంటికి ఉండాల్సింది 230 వోల్టులు.

ఆదోని పత్తి మిల్లులో మామ పని నేర్చుకునే రోజుల్లో ఒక మేస్త్రీ ఉండేవాడు. అంకె పక్కన వోల్టో కేవీయో రాయకపోతే కాగితం చింపేసేవాడు. ఆ తిట్లు తిని కళ్లనీళ్లు పెట్టుకుంటే, పొద్దున్నే పిలిచి ఉగ్గాని, బజ్జీ పెట్టించేవాడు. పచ్చిమిరపకాయ బజ్జీ అంత కారంగా ఇంకెక్కడా తినలేదు. నువ్వు వేళకు తింటున్నావా?

రైతు లో వోల్టేజీ అని వస్తే విసుక్కోవద్దు. 415 వోల్టులు రావాల్సిన చోట 340 వోల్టులే వస్తే మోటారు అవే నీళ్లు తోడడానికి ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, వైండింగు కాలిపోతుంది. చనిక్కాయ పంట ఎండేది ఆయనకే.

తీరిక దొరికితే ఓర్వకల్లు దగ్గర గని, శకునాల సోలార్ పార్కు చూసి రా. 1,000 మెగావాట్లది. ఒక్కో సెల్లు ఇచ్చేది సుమారు 600 మిల్లీవోల్టులు, అంటే 0.6 వోల్టు. దాన్నే కూడగట్టి, పెంచి 220 కేవీ లైన్లకు ఎక్కిస్తారు. మిల్లీకి, కిలోకి మధ్య పది లక్షల రెట్ల తేడా ఉంది. కొలత రాయకుండా అంకె ఒక్కటే రాయొద్దని మామ ఇంతగా పోరేది అందుకే.

స్తంభం ఎక్కే ముందు ఎల్సీ (లైన్ క్లియర్) తీసుకో, ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్ తెరిచి ఉందో లేదో నీ కళ్లతో చూసుకో, 11 కేవీకి తగిన డిటెక్టరుతో పరీక్షించి ఎర్త్ రాడ్లు వేయించు. అక్కడ ఎల్సీ ఎవరు ఇస్తారో, గ్లవ్స్ ఇచ్చారో లేదో వెంటనే రాయి.

మీ మామ