ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సులో చేరిన పిల్లలకు

డాక్టరు పర్యవేక్షణలో రోగిని పలకరించి, జబ్బు వివరాలు రాబట్టి, పరీక్ష చేసి, ఆ సంగతంతా డాక్టరుకు అప్పజెప్పడం ఫిజీషియన్ అసిస్టెంట్ పని. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో 1965లో డాక్టర్ యూజీన్ స్టెడ్ ఈ చదువు ప్రారంభించారు. నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన నలుగురితో తొలి తరగతి మొదలైంది. 1967లో వారిలో ముగ్గురు చదువు పూర్తిచేసుకుని బయటికి వచ్చారు. మన దేశానికి ఇది 1992లో వచ్చింది. చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో గుండె శస్త్రవైద్యులు డాక్టర్ కె.ఎం. చెరియన్ దీనికి నాంది పలికారు. అందుకే ఇక్కడ ఈ వృత్తికి గుండె ఆపరేషన్ల విభాగాలతో మొదటినుంచీ దగ్గరి చుట్టరికం ఉంది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ వృత్తిని గుర్తించింది.

శిక్షణలో అన్నిటికన్నా ముందు రావలసిన విద్య రోగి చరిత్ర తీసుకోవడం. అది పుస్తకంలోని ప్రశ్నలు వరసగా చదివితే రాదు. ‘బీపీ ఉందా?’ అంటే పెద్దాయన ‘లేదు’ అంటాడు. అది అబద్ధం కాదు. మాత్ర వేసుకుంటున్నాడు కాబట్టి బీపీ అదుపులో ఉంది, అదుపులో ఉంది కాబట్టి లేదనే ఆయన లెక్క. అదే ‘రోజూ ఏమైనా మాత్రలు వేసుకుంటారా?’ అని అడిగితే, పక్కనున్న కోడలు సంచిలోంచి సగం వాడిన రెండు స్ట్రిప్పులు తీసి చూపిస్తుంది. అలాగే ‘గ్యాస్ పట్టేసింది’ అనే మాటను అక్కడితో వదిలేయకూడదు. ఎక్కడ పట్టింది, ఎప్పుడు మొదలైంది, మెట్లెక్కితే పెరుగుతోందా, చెమటలు పోశాయా, ఎడమ చేతిలోకో దవడలోకో పాకుతోందా అని ఒక్కొక్కటే అడగాలి. గ్యాస్ అనుకున్నది గుండెపోటుగా తేలిన సందర్భాలు ఏ ఆసుపత్రిలోనైనా ఉంటాయి. ఆయాసం, నీరసం, కళ్లు తిరగడం, తిమ్మిరి... ఈ మాటలకు రోగి ఇచ్చే అర్థం తెలుసుకున్నాకే వైద్య పరిభాషలో రాయాలి.

దీని తర్వాత శరీర పరీక్ష. ఇందులో విద్యార్థి నిజాయితీ బయటపడేది శ్వాస లెక్క దగ్గర. వార్డులో కేస్ షీట్లు తిరగేస్తే పది మందికి పది మందీ నిమిషానికి 18 సార్లో 20 సార్లో ఊపిరి తీస్తున్నట్టు కనిపించడం అరుదేమీ కాదు. లెక్కపెట్టకుండా రాస్తే అలాగే ఉంటుంది. పెద్దవారిలో మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 ఉంటుంది. రోగి పరిస్థితి దిగజారేటప్పుడు చాలాసార్లు తొలుత పెరిగేది ఈ అంకే. నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, కళ్లు ఛాతీ మీద ఉంచి, నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే రోగి తనకు తెలియకుండానే తీరు మార్చేస్తాడు. ఆ ఒక్క నిమిషం ఓపిక లేనివారికి ఈ వృత్తి తగదు.

చేతిపనులు సాధనతో వస్తాయి. కుట్లు వేయడం, కట్లు మార్చడం, ఆపరేషన్ థియేటర్‌లో శుభ్రత తప్పకుండా నిలబడడం అటువంటివే. బైపాస్ ఆపరేషన్‌కు కాలిలోని సిరను తీసేటప్పుడు దాని సన్నని కొమ్మలు తెగకుండా చూడడానికి చేయి ఎంతో నిదానంగా కదలాలి. తొందరపడే చేతికి ముందు చూసి నేర్చుకునే కాలం ఎక్కువ కావాలి. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

సమాచారం అందించడం మరో విద్య. రాత్రి రెండు గంటలకు డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేస్తే రోగి పేరు, మంచం నంబరు, ఎందుకు చేరారు, ఇప్పుడు ఏం మారింది, బీపీ, నాడి, శ్వాస, ఆక్సిజన్ ఎంత అన్నవి ఒక నిమిషంలో చెప్పగలగాలి. డాక్టరు ఫోన్‌లో చెప్పిన మందు పేరు, మోతాదు తిరిగి చదివి వినిపించి సరేననిపించుకోవాలి. రౌండ్స్‌లో డాక్టరు అడిగినదానికి జవాబు తెలియకపోతే ‘చూడలేదు సార్, ఇప్పుడే చూసి చెబుతాను’ అనాలి. డాక్టరు తన కళ్లతో చూడని రోగి గురించి అసిస్టెంటు మాట నమ్మి నిర్ణయం తీసుకుంటాడు. ఊహించి చెప్పిన జవాబు నేరుగా మందు చీటీలోకి వెళ్తుంది. మిగతా గుణాలు ఎన్ని ఉన్నా, తెలియనిది తెలియదని చెప్పే ఈ ఒక్క గుణం లేని విద్యార్థిని వార్డులో ఉంచడం ప్రమాదం.

హద్దు తెలియడం కూడా ఈ వృత్తిలో భాగమే. తెల్లకోటు చూసి రోగులు, అటెండెంట్లు ‘డాక్టర్ గారూ’ అని పిలుస్తారు. పిలుపు బాగుంటుంది కానీ ‘డాక్టర్ గారి దగ్గర శిక్షణలో ఉన్న విద్యార్థిని’ అని ఆ క్షణమే చెప్పాలి. జబ్బు పేరు, ఆపరేషన్ ఫలితం వంటివి డాక్టరు కన్నా ముందు ఇంటివాళ్లకు చెప్పకూడదు. సొంతంగా మందు రాయకూడదు. రోగి విషయాలు క్యాంటీన్‌లోనూ వాట్సాప్‌లోనూ మాట్లాడకూడదు. వార్డులో ఏళ్లుగా ఉన్న సిస్టర్ల దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంటుంది. వాళ్లను గౌరవంగా అడిగినవాళ్లకే అది దక్కుతుంది.

ఇంటర్న్‌షిప్ మొదటి రోజున సెకన్ల ముల్లున్న చేతి గడియారం ఒకటి, జేబులో పట్టే నోటు పుస్తకం ఒకటి వెంట ఉండాలి.