క్లోరోఫాం తగవు, గాజుపూసలో వెలుగు

1888, 1889 సంవత్సరాల్లో మన హైదరాబాదులో రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయని చాలామంది విద్యార్థులకు తెలియదు. చాదర్‌ఘాట్ పక్కనున్న రెసిడెన్సీకి సర్జనైన ఎడ్వర్డ్ లారీ వాటికి ఆద్యుడు. రెండో దానికి నిజాం డబ్బిస్తే, లండను నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చాడు. క్లోరోఫాం ముందు ఊపిరిని ఆపుతుందే గాని నేరుగా గుండెను ఆపదని తేల్చారు. అది సరికాదని 1911లో లెవీ చూపించాడు. అసలు ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది: మత్తుమందు కణంలో ఎక్కడ పట్టుకుంటుంది?

నూనెలో ఎంత బాగా కరిగితే అంత గట్టి మత్తు అని 1899లో మేయర్, 1901లో ఓవర్టన్ చెప్పారు. కణం చుట్టూ ఉన్నది లిపిడ్లనే కొవ్వు అణువుల జంటపొర గనుక అందరి చూపూ దానిమీదే పడింది. 1984లో ఫ్రాంక్స్, లీబ్‌లు కొవ్వు ఊసే లేని మిణుగురు ప్రోటీన్ మీద కూడా మత్తుమందులు పనిచేస్తాయని చూపేసరికి తగవు మళ్ళీ మొదటికొచ్చింది.

తగవు తీరాలంటే పొరను విడిగా పెట్టి, అందులోకి ఏ అణువు ఎంత చేరుతోందో కొలవాలి. రంగు అంటించి చూద్దామా అంటే, క్లోరోఫాం అణువుకు రంగు అణువు తగిలించడం మేకపిల్ల మీద ఏనుగు నెక్కించినట్టే!

ఇక్కడే గాజుపూస పనికొస్తుంది. బిజాపూరు గోల్ గుంబజ్‌లో గోడ దగ్గర గుసగుసలాడితే మాట గోడవెంటే పాకుతుంది కదా, సన్నటి గాజుపూసలో లేసర్ వెలుగు కూడా అంచువెంట అలాగే తిరుగుతుంది. చుట్టుకొలతలో తరంగాలు పూర్తి సంఖ్యలో ఇమిడితేనే ఆ వెలుగు నిలుస్తుంది. దీన్నే రెసొనెన్స్ అంటాం. లిపిడ్ బుడగలున్న నీళ్ళలో పూసను ముంచితే అవి గాజుమీద పగిలి, పరుచుకుని, కృత్రిమ కణపొర అవుతాయి.

ఒక లెక్క చూద్దాం. పూస వ్యాసార్థం 50 మైక్రాన్లు, పొర మందం 5 నానోమీటర్లు. కొవ్వు, గాజు వెలుగును ఇంచుమించు ఒకేలా వంచుతాయి గనుక పూస 10,000లో ఒక వంతు లావైనట్టే. 780 నానోమీటర్ల వెలుగు రెసొనెన్స్ 0.078 నానోమీటర్లు జరుగుతుంది. మంచి పూసలో రెసొనెన్స్ గీత వెడల్పు దానిలో నూరో వంతే! పొరకు ప్రోటీన్ అంటుకున్నా గీత ఇంకాస్త జరుగుతుంది. అది జరిగే వేగాన్నిబట్టి ఎంత త్వరగా అంటుకుంది, ఎంతసేపు నిలిచింది తెలుస్తుంది.

ప్రోటీన్లు ఇలా బాగానే దొరుకుతాయి. క్లోరోఫాం అంత చిన్న అణువుల సంకేతం బహు బలహీనం. పైగా నీరు కాస్త వేడెక్కినా గీత జరుగుతుంది. అందుకే పొర లేని రెండో పూసను పక్కనే ఉంచి, దాని జరుగుడును తీసివేసి లెక్క కడతారు.