జేసీబీ దిగే ముందు

ఒక ఊరికి మంచినీటి పైపులైను వేయాలంటే ముందు లెవెల్స్ తీస్తారు, మట్టి ఎలాంటిదో చూస్తారు, దారిలో కేబుళ్లు ఉన్నాయా అని అడుగుతారు. ఆ నేల కింద పాత ఊరేమైనా ఉందా అనేది మాత్రం మనలో చాలామందికి తట్టదు.

మన జిల్లా పడమటి వైపున్న ఉదయగిరినే తీసుకుందాం. దాదాపు ఏడాదిన్నర ముట్టడి తర్వాత 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఆ కోటను గజపతుల నుంచి గెలుచుకున్నాడు. అన్ని నెలలు సైన్యం ఉందంటే కొండ కింద కూడా విడుదులు, బావులు, దారులు ఉండే ఉంటాయి. కోట గోడ అందరికీ కనిపిస్తుంది, ఇవి కనిపించవు. కానీ పైపులైను వెళ్లేది ఇలాంటి కనిపించని నేలలోంచే.

అందుకే ముందు సర్వే కావాలి. అందులో ముఖ్యంగా మూడు పనులుంటాయి.

మొదటిది, పాత రికార్డులు చూడడం. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి సేకరించిన నెల్లూరు జిల్లా శాసనాలు 1905లో మూడు సంపుటాలుగా వచ్చాయి. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాల శాసనాలు కూడా వాటిలో ఉన్నాయి. లైను వెళ్లే ఊళ్ల పేర్లు అక్కడ వెతకడానికి పెద్ద ఖర్చేం కాదు.

రెండోది, నడక. దున్నిన చేలల్లో వరసగా నడుస్తూ కుండ పెంకులు, పాత ఇటుకలు ఎక్కడ ఎక్కువగా ఉన్నాయో మ్యాప్‌లో గుర్తు పెట్టుకోవాలి.

మూడోది, అనుమానం ఉన్నచోట చిన్న గుంట చేత్తో జాగ్రత్తగా తవ్వి చూడడం. ఏదైనా బయటపడితే లైనును కాస్త పక్కకి జరపొచ్చు. డిజైన్ దశలో గీత జరపడం తేలిక. పైపులు దిగాక కష్టం.

ఇది మనవాళ్లు చేయని పనేమీ కాదు. నాగార్జునసాగర్ కింద మునిగిపోయే లోయలో 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ తవ్వకాలు చేసింది. ఇక్ష్వాకుల విజయపురి కట్టడాల్లో కొన్నిటిని కొండ మీదకీ, అనుపుకీ తరలించి మళ్లీ కట్టారు. డ్యామూ వచ్చింది, చరిత్రా మిగిలింది.

డ్యామ్ అంటే అందరి కళ్లూ అటే ఉంటాయి. మూడడుగుల కాలువని ఎవరూ పట్టించుకోరు. ఒక్క పూటలో తవ్వేసి పూడ్చేస్తారు. మట్టి పొరలు ఒకసారి కలిసిపోతే ఏది ముందుదో, ఏది తర్వాతదో ఇక తెలీదు. మన భాషలో చెప్పాలంటే, దానికి బ్యాకప్ లేదు.

ఒకవేళ తవ్వకంలో విలువైన పాత వస్తువు దొరికితే, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలి. అయితే దొరికాక చెప్పడం కంటే తవ్వకముందే చూడడం మేలు. ఉదయగిరికి నీళ్లు కావాలి, అందులో రెండో మాట లేదు. ఆ పైపు ఎక్కడ నుంచి పోవాలో గీసేది రేపు మనలో ఒకరే కావచ్చు. ఆ గీత గీసే ముందు ఒక రోజు ఆ చేలల్లో నడిచి చూస్తే చాలు.