తాతగారి తుపాకీ, గట్టు మీది నక్క: తరచూ అడిగే ప్రశ్నలు

బందరు, అవనిగడ్డ, గుడివాడ వైపు పాత ఇళ్లలో బీరువా వెనకాలో అటక మీదో ఒక తుపాకీ కనబడటం వింతేమీ కాదు. ఎక్కువగా 12 బోర్ డబుల్ బ్యారెల్, అక్కడక్కడా .315 రైఫిల్. తుపాకీకి నూనె రాసే శ్రద్ధ చాలామందికి ఉంటుంది, దాని కాగితాలు చూసుకునే శ్రద్ధే ఉండదు. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి.

మా అబ్బాయి టెక్సస్‌లో పాత రైఫిల్ కొని, కొత్త కర్ర, టెలిస్కోపు వేయించి కొయోటీలను కొడుతున్నాడు. మన డబుల్ బ్యారెల్‌ని కూడా అలా బాగుచేయించి పొలంలో నక్కల పని పట్టొచ్చా?

నక్కల పని పట్టకూడదు. బాగుచేయించడం సంగతి తర్వాతి ప్రశ్నలో చూద్దాం.

టెక్సస్‌లో లైసెన్సు ఉంటే కొయోటీని ఏడాది పొడవునా వేటాడొచ్చు. మన నక్కకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఆ చట్టంలోని 9వ సెక్షన్ వేటను నిషేధించింది. వేట అంటే కాల్చి చంపడమే అనుకుంటారు చాలామంది. విషం పెట్టడం, ఉచ్చు వేయడం, తరమడం, ఎర చూపడం, చివరికి ప్రయత్నించి గురి తప్పడం కూడా వేట కిందికే వస్తాయి. గురి తప్పింది కదా అని కేసు తప్పదు.

అసలు నక్క రైతుకు చేసే నష్టం ఎంత? చెరుకు కొరుకుతుంది, పుచ్చకాయ తింటుంది, కోళ్లనూ ఎత్తుకుపోతుంది, నిజమే. కానీ వరి దుబ్బులు కొరికే ఎలుకల్నీ, గట్లకు బొక్కలు పెట్టే పీతల్నీ తినేదీ అదే. ఈ లెక్క ఎవరూ వేయరు. ‘నక్క కొమ్ము’ పేరుతో అమ్మే తాయెత్తుల జోలికీ పోకండి. నక్కకు కొమ్ము ఉండదు. దాని శరీర భాగాల పేరుతో జరిగే ఆ వ్యాపారం మీద అటవీ శాఖ కేసులు పెడుతుంది.

సరే, నక్క మాట వదిలేద్దాం. లైసెన్సున్న తుపాకీకి మార్పులు చేయించుకోవచ్చా?

కొన్ని చేయించుకోవచ్చు. ఎవరి చేత అన్నదే ముఖ్యం. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీని తయారు చేయడానికే కాదు, మరమ్మతు చేయడానికీ, మార్చడానికీ, పరీక్షించడానికీ లైసెన్సు ఉండాలి. ఇది తుపాకీ ఉన్నవారి లైసెన్సు కాదు, పని చేసేవారి లైసెన్సు. ఆటోనగర్‌లో లేతు మీద ఏ ఇనుప పనైనా గంటలో చేసిపెట్టే చేతులున్నాయి, వాళ్ల పనితనానికి వంక పెట్టలేం. కానీ స్ప్రింగు విరిగిన తుపాకీని ఆ లేతు మీద పెట్టారంటే ఇద్దరూ చట్టానికి చిక్కినట్టే. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. చీలిన కర్ర మార్చాలన్నా, వదులైన కీలు బిగించాలన్నా లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గరికే వెళ్లి రసీదు తీసుకోండి. టెలిస్కోపు కోసం ఇనుములో రంధ్రాలు వేయాలన్నా అంతే.

మామూలుగా ఎవరూ చేయకూడని పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది గొట్టం కోయడం. జీపులో పెట్టుకోవడానికి పొడవైందని రెండంగుళాలు తీయించినా 6వ సెక్షన్ కిందికి వస్తుంది. ఒక రకం తుపాకీని ఇంకో రకంగా మార్చడాన్ని కూడా 2019లో ఇదే సెక్షన్‌లో చేర్చారు. రెండోది నంబరు. పాలిష్ పట్టించేటప్పుడు, నల్లరంగు వేయించేటప్పుడు గొట్టం మీదా, దాని కింది ఇనుము మీదా ఉన్న అంకెలు అరిగిపోతే 8వ సెక్షన్ అడ్డొస్తుంది. తుప్పు వదలగొట్టడానికి ఎమరీ కాగితం పట్టుకునే ముందు నంబరు ఎక్కడుందో వెతకండి. మూడోది చప్పుడు తగ్గించే గొట్టం. సైలెన్సర్ అమెరికాలో విడి సరుకు కావచ్చు, మన చట్టం దాన్ని తుపాకీతో సమానంగా లెక్కేస్తుంది.

చట్టంతో పని లేని జాగ్రత్త ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే ఇది కళ్లు పోగొట్టే సంగతి. పాత ఇంగ్లిష్ 12 బోర్ తుపాకులు చాలా వాటికి తూటా గది రెండున్నర అంగుళాలే. ఇప్పటి తూటా సాధారణంగా రెండుంముప్పావు అంగుళాలది. పేలకముందు గదిలో చక్కగా ఇమిడిపోతుంది కాబట్టి అనుమానం రాదు. పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక లోపలి ఒత్తిడి పెరుగుతుంది. గొట్టం మీద అలలు అలలుగా, చెక్క ఈనెల్లాంటి గీతలు కనబడితే అది ఇనుప పట్టీలు చుట్టి అతికిన డమాస్కస్ గొట్టం. నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) కాలానికి చేసింది. అందులో నేటి తూటా పెట్టి మీట నొక్కితే ముందు ప్రమాదం పట్టుకున్నవాడి ఎడమచేతికే. అలాంటి తుపాకీకి చేయదగిన మార్పు ఒక్కటే, కాల్చడం మానేయడం.

తాతగారు పోయి ఆరేళ్లయింది. లైసెన్సు ఇంకా ఆయన పేరే.

అంటే ఆరేళ్లుగా ఇంట్లో లైసెన్సు లేని ఆయుధం ఉన్నట్టు. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లు, జరిమానా అదనం. లైసెన్సుదారు మరణిస్తే ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలని 21వ సెక్షన్ చెబుతోంది. అప్పగిస్తే తుపాకీ పోయినట్టు కాదు. వారసుడిగా దరఖాస్తు పెట్టుకునే హక్కు మీకు ఉంది. రసీదు జాగ్రత్త. ఇప్పటికైనా వకీలును వెంటబెట్టుకుని వెళ్లి అప్పగించడం మేలు, పట్టుబడ్డాక చెప్పే సంజాయిషీకి విలువ ఉండదు.

2016 ఆయుధాల నియమాలు వారసులకు ఇంకో దారి కూడా చూపించాయి. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా తన దగ్గరే ఉన్నా, బతికుండగానే వారసుణ్ణి సూచించవచ్చు. పెద్దాయన ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ పని కానిచ్చేయండి. మిగతా వారసుల అంగీకార పత్రాలు కావాలి, అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా ఉంటే అక్కడే ఆగిపోతుంది. కమిషనరేట్ పరిధిలో పోలీసు కమిషనర్, మిగతాచోట్ల జిల్లా కలెక్టర్ లైసెన్సు ఇస్తారు. వారసత్వంగా వచ్చినవి కలుపుకున్నా ఒక మనిషికి రెండు తుపాకులు మించకూడదు.

మాది గోడకు తగిలించిన నాటు తుపాకీ. పనిచేయదు. దానికీ లైసెన్సా?

బాగుచేసినా పనిచేయనిదైతే చట్టం దాని జోలికి రాదు. ‘బాగుచేసినా’ అన్న మాట దగ్గరే చాలామంది బోల్తా పడతారు. తుపాకీ గుర్రం (హామర్) విరిగినంత మాత్రాన అది బొమ్మ అయిపోదు. పోలీసులకు చూపించి రాతపూర్వకంగా తేల్చుకోండి.

పంట రక్షణకని లైసెన్సు ఇచ్చారు. మైలవరం వైపు మా మొక్కజొన్నను అడవి పందులు తొక్కేస్తున్నాయి. కాల్చొచ్చు కదా?

అందరూ పొరబడేది ఇక్కడే. పంట రక్షణకు గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీ, అది చాలదని అధికారి ఒప్పుకుంటే 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం తుపాకీ ఇవ్వొచ్చని ఆయుధాల చట్టంలో ఉన్నమాట నిజం. అది తుపాకీ దగ్గర పెట్టుకోవడానికి ఇచ్చిన అనుమతి. జంతువును చంపే అనుమతి ఇంకో చట్టంలో, ఇంకో శాఖ చేతిలో ఉంది. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారిగానీ కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. అలా చంపిన పంది కూడా ప్రభుత్వ ఆస్తే. కూరకు పనికిరాదు. ప్రాణం మీదికొచ్చి ఆత్మరక్షణ కోసం చంపితే నేరం కాదు, కానీ ఆ సమయానికి మీరే వేరే నేరం చేస్తూ ఉంటే ఆ రక్షణ వర్తించదు.

కొన్ని జంతువులను కొంతకాలం, కొన్ని జిల్లాల వరకు పంట శత్రువులుగా ప్రకటించే అధికారం కేంద్రానికి ఉంది. 2015 చివర్లో బీహార్‌లో నీల్‌గాయ్‌లకూ, అడవి పందులకూ అలా ప్రకటించారు. మరుసటి ఏడాది అక్కడికి వెళ్లిన వేటగాళ్లలో హైదరాబాద్ నవాబు షఫత్ అలీ ఖాన్ ఒకరు. అంతటి పేరున్న వేటగాడైనా ప్రభుత్వం పిలిస్తేనే వెళ్లాడు.

తుపాకీ కన్నా ముందు మొక్కజొన్న చుట్టూ ఆముదం, వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ దట్టంగా వేసి చూడండి. పంట పోతే ఫొటోలతో అటవీ శాఖకు పరిహారం దరఖాస్తు పెట్టండి.

కరెంటు తీగ కడితే?

వద్దు. పందికి కట్టిన తీగ తెల్లారి నీళ్లు పెట్టడానికొచ్చిన పక్క రైతును తీసుకుపోతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇలాంటి చావులు ఎన్నో.

మాది నాగాయలంక. రొయ్యల చెరువు కాపలాకు కొత్తగా తుపాకీ లైసెన్సు వస్తుందా?

మీకు మిగతావాళ్ల కన్నా ఒక మెట్టు ఎక్కువ. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం దగ్గర్లో ఉంది కాబట్టి, దానికి 10 కిలోమీటర్ల లోపు కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి కావాలి. కొల్లేరు అభయారణ్యం చుట్టూ కైకలూరు వైపూ ఇదే నిబంధన. ఇప్పటికే తుపాకీ ఉన్నవాళ్లు అటవీ అధికారుల దగ్గర నమోదు చేసుకోవాలి. అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగు పెట్టకూడదు. ‘దారిన పోతున్నాను’ అన్నా ఒప్పుకోరు.

ఇంకో సంగతి. రాత్రి చెరువు గట్టు మీద టార్చి వెలుతురులో రెండు కళ్లు మెరిస్తే నక్కేనని అనుకోకండి. మడ అడవుల బావురు పిల్లి చేపల కోసం అక్కడికే వస్తుంది. కురచ కాళ్లు, పొట్టి తోక, బూడిదరంగు ఒంటి మీద నల్ల చుక్కలు. అది షెడ్యూల్ 1 జంతువు. చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా.

ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదుగా, కొంగల్ని కొట్టుకోవచ్చా?

.177 బోర్, 20 జౌల్స్ లోపు ఎయిర్‌గన్‌కు ఆయుధాల లైసెన్సు అక్కర్లేదు. కొంగను కొట్టడానికి మాత్రం ఏ తుపాకీతోనూ వీల్లేదు. డబ్బాలు పెట్టి గురి నేర్చుకోండి.

వచ్చే సంక్రాంతికి అబ్బాయి అమెరికా నుంచి కొత్త బ్యారెల్, ట్రిగ్గర్ తెస్తానంటున్నాడు.

తేవద్దని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. మన చట్టంలో ఆయుధం అంటే దాని విడిభాగాలు కూడా. వాటి దిగుమతికి వేరే లైసెన్సు ఉండాలి, లేకపోతే గన్నవరం చేరేలోపే ఏదో ఒక విమానాశ్రయంలో పెట్టె తెరిపిస్తారు. అదే ఫోన్‌లో అతని వీసా సంగతి కూడా అడగండి. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. చెల్లుబాటయ్యే రాష్ట్ర వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు ముగిసిన మర్నాడు ఆ మినహాయింపూ ఉండదు.